అంగం అరిగితే క్రతువు ఆగుతుందా?

వేగమే ప్రధానంగా రూపొందిన స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ముందు బంపర్ కింద, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, ఒక సన్నని అంచు బిగించి ఉంటుంది. దీనిని ఫ్రంట్ లిప్ స్పాయిలర్ అంటారు. ఇటువంటి కారును రోజూ నడిపే యజమాని ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ, ప్రతి సెల్లార్ ర్యాంపు ముందూ, పార్కింగ్‌లో చక్రాలను ఆపడానికి వేసిన ప్రతి సిమెంటు దిమ్మె ముందూ ఆ అంచును కాపాడుకోవలసి వస్తుంది. పైకి ఇది మరమ్మతు ఖర్చుకు సంబంధించిన చిన్న చిక్కుగానే కనిపిస్తుంది గాని, కాస్త నిదానించి చూస్తే భారతీయ తత్త్వచింతనలో ఎంతో పాతదైన ఒక ప్రశ్నకు ఇది కొత్త ఉదాహరణ. ఒక ప్రయోజనం కోసం స్వీకరించిన సాధనం ఆ ప్రయోజనాన్ని మించి మనిషి జీవితాన్ని శాసించడం మొదలుపెట్టినప్పుడు, ఏది దేనికి లోబడాలి అన్నదే ఆ ప్రశ్న.

సాధనానికీ సాధ్యానికీ ఉన్న సంబంధాన్ని అత్యంత సూక్ష్మంగా పరిశీలించిన శాస్త్రం పూర్వమీమాంస. వేదంలోని కర్మకాండ వాక్యాలకు అర్థం నిర్ణయించడానికి పుట్టిన ఈ శాస్త్రానికి జైమిని సూత్రాలు మూలం, శబరస్వామి భాష్యం ఆధారం. ఒక్కొక్క చర్చను మీమాంసకులు అధికరణం అంటారు. అందులో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అయిదు అవయవాలుంటాయి. యజ్ఞం కోసం ఏర్పడిన తర్కాన్ని కారుకు అన్వయించడం అపచారమేమోనన్న శంక అక్కరలేదు. విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రాసిన మితాక్షరలో దాయభాగాల చిక్కులను ఇదే తర్కంతో విడదీశాడు. యజ్ఞశాల దాటి ఆస్తిపంపకాల దాకా వచ్చిన న్యాయాలు మరొక అడుగు వేసి వాహనం దాకా రావడానికి అడ్డేమీ లేదు.

ముందుగా విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. కారు గాలిని చీల్చుకొని పోయేటప్పుడు కొంత గాలి పైనుంచి, కొంత పక్కల నుంచి, కొంత కారు అడుగు నుంచి వెనక్కి సాగుతుంది. అడుగున చేరిన గాలి ఒత్తిడి ఎక్కువై, వంపు తిరిగిన బాడీ మీదుగా వేగంగా జారే గాలి ఒత్తిడి తక్కువైనప్పుడు, ఆ రెంటి తేడా కారును పైకి లేపజూస్తుంది. దీనికి లిఫ్ట్ అని పేరు. ముందు చక్రాల మీద పడే బరువు ఆ మేరకు తగ్గితే టైర్ల పట్టు సడలుతుంది, స్టీరింగ్ మరీ తేలికవుతుంది, మలుపులో కారు చెప్పినట్టు వినదు. బంపర్ కింద వేలాడే అంచు అడుగుకు పోయే గాలిని చాలావరకు అడ్డగించి ఈ లిఫ్టును తగ్గిస్తుంది. అది నేలకు ఎంత దగ్గరగా ఉంటే సాధారణంగా అంత బాగా పనిచేస్తుంది కనుక, దాని గుణమూ దాని ప్రమాదమూ ఒకే కొలతలో ఇమిడి ఉన్నాయి.

జర్మనీలోని పోర్షే సంస్థ 1972 మోడల్ 911 ఎస్ కారుకు ముందు బంపర్ కింద ఇటువంటి అంచును అమర్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్యారిస్ మోటార్ షోలో ప్రదర్శించిన కరేరా ఆర్‌ఎస్ 2.7 మోడల్‌కు ముందు అంచుతో పాటు, వెనుక బాతుతోక అని పేరుపడిన స్పాయిలర్ కూడా చేరింది. రేసుల్లో పాల్గొనే అర్హత కోసం 500 కార్లు తయారుచేస్తే చాలని సంకల్పించగా, చివరకు 1,580 తయారయ్యాయి. అంటే రేసు ట్రాకు కోసం పుట్టిన అంగం ఇళ్ల ముందుకూ వీధుల్లోకీ వచ్చింది. 1973లో బీఎండబ్ల్యూ తన 3.0 సీఎస్‌ఎల్ కారుకు రూపొందించిన వెనుక రెక్కను, జర్మనీ రోడ్ల మీద దాన్ని బిగించుకొని తిరగడానికి నిబంధనలు ఒప్పనందువల్ల, డిక్కీలో పెట్టి కొనుగోలుదారులకు అందించింది. ట్రాకు ధర్మం వేరు, వీధి ధర్మం వేరు అని చట్టమే గుర్తించిన సందర్భమిది; ముందు అంచు విషయంలో ఆ తేడాను గుర్తించే భారం మాత్రం యజమాని మీదే పడింది.

ఆ తేడా ఎంతటిదో చిన్న లెక్క చెబుతుంది. గాలి వల్ల పుట్టే బలం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ అంచు చేసే పనితో పోలిస్తే 20 కిలోమీటర్ల వేగంలో అది చేసే పని ఇరవై అయిదో వంతు. 200 కిలోమీటర్ల వేగంలోనైతే నాలుగు రెట్లు. కాలనీ వీధిలో నెమ్మదిగా సాగే కారుకు ఆ అంచు ఉన్నా లేకున్నా ఒక్కటే. దెబ్బ తగిలేది మాత్రం ఆ నెమ్మదిలోనే. నునుపైన హైవే మీద నిండు వేగంలో పనిచేస్తున్నప్పుడు దానికి అపాయం తక్కువ, గేటు దాటుతూ మనిషి నడకతో సమానంగా కదులుతున్నప్పుడు అపాయం ఎక్కువ. ప్రయోజనం ఒకచోట, హాని మరొకచోట ఉండటమే ఈ వస్తువు స్వభావం.

హాని ఎలా కలుగుతుందో కూడా కొలిచి చూడవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం సాధారణ స్పీడ్ బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని చాపంలా ఉండాలి, వెడల్పు 3.7 మీటర్లు, నడిమి ఎత్తు 10 సెంటీమీటర్లు, దాటవలసిన వేగం గంటకు 25 కిలోమీటర్లు. చక్రం నేలను తాకే చోటికి 90 సెంటీమీటర్లు ముందుగా, నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తున అంచు ఉన్న కారును ఊహించుకుంటే, చక్రం ఆ దిబ్బ మొదలును తాకే వేళకు అంచు దాని మీదుగా 90 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది, అక్కడ దిబ్బ ఎత్తు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. మూడున్నర సెంటీమీటర్ల సందు మిగులుతుంది కనుక, బ్రేకు గట్టిగా నొక్కి కారు ముక్కును కిందికి దించకపోతే అంచు తగలదు. అదే యజమాని బజారులో దొరికే అదనపు అంచును తెచ్చి మరో నాలుగు సెంటీమీటర్లు కిందికి దించితే, కొలతల ప్రకారం కట్టిన దిబ్బకు కూడా అది తగిలి తీరుతుంది. హైదరాబాద్ కాలనీల్లో, విజయవాడ సందుల్లో స్థానికులే సిమెంటు పోసి కట్టుకున్న నిటారు దిబ్బల దగ్గర ఏ లెక్కా పనిచేయదు. అందుకే ఇటువంటి కార్లు నడిపేవారు దిబ్బను ఏటవాలుగా, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కిస్తూ దాటుతారు. అయినా కింద గీసుకుపోయిన చప్పుడు ఎప్పుడో ఒకప్పుడు వినక తప్పదు. కారు ముందు మోకాళ్ల మీద వంగి అరచేతిని అంచు కిందికి పోనిస్తే పొడుగునా గరుకు గీతలు, నలుపు పోయి బూడిద రంగు తేలి పీచులా లేచిన ప్లాస్టిక్ చేతికి తగులుతాయి. నిలబడి చూసేవారికి అవేవీ కనబడవు.

ఇక సంశయం. తగలక తప్పని వస్తువును తగలకుండా కాపాడాలనే ప్రయత్నంలో మనిషి తన దారులనూ, రాకపోకలనూ, మనశ్శాంతినీ మార్చుకోవడం ధర్మమా, కాదా? ఆ జాగ్రత్త నిష్ఠ అనిపించుకుంటుందా, బంధం అవుతుందా?

మొదటి పూర్వపక్షం త్యాగవాదిది. యోగసూత్రాలు చెప్పిన అయిదు యమాలలో చివరిది అపరిగ్రహం, అంటే అవసరాన్ని మించిన వస్తువులను కూడబెట్టుకోకపోవడం. భగవద్గీత రెండో అధ్యాయం విషయధ్యానం నుంచి సంగమూ, సంగం నుంచి కామమూ, కామం నుంచి క్రోధమూ, ఆపైన సమ్మోహమూ, స్మృతిభ్రంశమూ, బుద్ధినాశమూ వరుసగా పుడతాయని వివరించింది. అంచు నేలకు రాసుకున్న క్షణంలో యజమాని వాచ్‌మన్ మీదనో, రోడ్డు వేసిన కాంట్రాక్టరు మీదనో విరుచుకుపడటంలో ఈ వరుస అంతా కళ్లకు కడుతుంది. కనుక అటువంటి వస్తువును విడిచిపెట్టడమే మేలని ఈ పక్షం వాదిస్తుంది.

రెండో పూర్వపక్షం దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. చేసే పని ఏదైనా లోపం లేకుండా చేయాలి గనుక, వస్తువును తయారైన స్థితిలోనే నిలబెట్టడం యజమాని కర్తవ్యమనీ, గీత పడటమంటే శ్రద్ధ లోపించడమేననీ ఈ పక్షం అంటుంది. ఈ వాదం పట్టినవారు ర్యాంపు నిటారుగా ఉన్న బంధువుల ఇంటికి వెళ్లడం మానుకుంటారు, వాన పడితే గుంతలు కనబడవని కారు బయటికి తీయరు, చివరికి కారును గుడ్డ కప్పి నిలబెడతారు.

మూడో పక్షం గ్రీకు, రోమన్ లోకంలో వెలసిన స్టోయిక్కులది. బానిసగా పుట్టి, తరువాత నికోపొలిస్‌లో గురువుగా స్థిరపడిన ఎపిక్టెటస్ బోధలను ఆయన శిష్యుడు అరియన్ సంకలనం చేశాడు. ఇష్టమైన కూజాను చూసినప్పుడు తాను ఇష్టపడుతున్నది ఒక కూజానే అని గుర్తుచేసుకునే మనిషి అది పగిలిన రోజున కలత చెందడని అందులో ఒక ఉపదేశం ఉంది. వస్తువును ఉంచుకోవచ్చు, దాని స్వభావాన్ని మాత్రం మరవకూడదు అన్నది దీని సారం. మొదటి రెండు పక్షాల కంటే ఇది సత్యానికి చేరువ. అయితే కూజా పగిలాక మనసు ఎలా ఉండాలో ఇది చెబుతుందే గాని, పగలకముందు ఎంత జాగ్రత్త తగినదో, పగిలాక ఏమి చేయాలో విడమరచి చెప్పదు. ఆ రెండు చోట్లా మీమాంస ఉపకరిస్తుంది.

సిద్ధాంతానికి మొదటి మెట్టు అంగాంగి భావం. యజ్ఞంలో ఫలాన్నిచ్చే ప్రధాన కర్మ అంగి, దానికి తోడ్పడే ద్రవ్యాలూ క్రియలూ అంగాలు. అంగానికి తనదంటూ వేరే ఫలం లేదు, అంగి ఫలంలోనే దాని సార్థకత. ముందు అంచు కారుకు అంగం, కారు ప్రయాణానికి అంగం, ప్రయాణం మనిషికి అంగం. ఈ వరుసలో అంగానికీ ప్రధానానికీ విరోధం వచ్చినప్పుడు ప్రధానమే నిలవాలన్నది మీమాంస నిర్ణయం. ఎందుకంటే అంగం ఉన్నదే ప్రధానం కోసం. అంచుకు దెబ్బ తగులుతుందేమోనని బంధువుల ఇంటికి వెళ్లడం మానుకున్న యజమాని ఈ వరుసను తలకిందులు చేసినవాడు. రెండో పూర్వపక్షం ఇక్కడితో వీగిపోతుంది.

రెండో మెట్టు దృష్టార్థ, అదృష్టార్థ వివేకం. వడ్లను దంచితే పొట్టు ఊడటం కంటికి కనిపించే ప్రయోజనం కనుక ఆ క్రియ దృష్టార్థం. అదే వడ్ల మీద నీళ్లు చిలకరించే ప్రోక్షణకు కనిపించే ప్రయోజనం లేదు కనుక దాని ఫలం అదృష్టమని ఒప్పుకుంటారు. కనిపించే ప్రయోజనం దొరికినచోట కనిపించని దాన్ని కల్పించకూడదన్నది నియమం. ట్రాకు మీదికి వెళ్లే కారుకు ముందు అంచు దృష్టార్థమే. ఎన్నడూ ఆ వేగం చూడని కారుకు మరింత కిందికి దించి బిగించిన అంచు విషయంలో దృష్టప్రయోజనం అడుగంటిపోతుంది, మిగిలేది అందమో ఆడంబరమో. అందం కోరుకోవడం దోషం కాదు. కాని దాన్ని అందమని ఒప్పుకోకుండా గాలి శాస్త్రం పేరు చెప్పుకోవడం తనను తాను మోసగించుకోవడం. ఏ ప్రయోజనం కోసం వస్తువును తెచ్చుకున్నారో నిజాయితీగా తేల్చుకున్నవారికి దాని కోసం ఎంత కష్టం భరించాలో కూడా తేలిపోతుంది.

మూడో మెట్టు అతి ముఖ్యమైనది: ప్రాయశ్చిత్తమూ ప్రతినిధీ. ఏదీ పగలదనీ ఏదీ ఒలకదనీ వైదిక కర్మకాండ ఎన్నడూ భ్రమపడలేదు. పాత్ర పగిలితే ఒక హోమం, ద్రవ్యం ఒలికితే ఒక హోమం చేసి క్రతువును ముందుకు నడపాలని ఆ విధులే నిర్దేశించాయి. పాత్ర పగిలిందని యజ్ఞం విడిచి వెళ్లిపోవడానికి వీల్లేదు, పగలనట్టు నటించడానికీ వీల్లేదు. అలాగే విహితమైన వడ్లు పాడైతే అడవిలో పండే నీవార ధాన్యాన్ని ప్రతినిధిగా, అంటే బదులుగా, గ్రహించి కర్మ పూర్తిచేయవచ్చునని జైమిని ఆరో అధ్యాయం నిర్ణయించింది. నష్టం ఇక్కడ అనూహ్యమైన విపత్తు కాదు, విధిలోనే చోటు కల్పించి ఉంచిన సంగతి.

ఇంజనీర్లు కూడా ఈ మాటనే మరో రూపంలో అంగీకరించారు. పోర్షే 911 జీటీ3 కార్లలో ముందు అంచు బంపర్‌తో ఏకఖండంగా కాక, వంగే గుణమున్న నల్లటి ప్లాస్టిక్‌తో, విడిగా విప్పి మార్చుకునేలా ఉంటుంది. ఆ కార్ల యజమానులు దాన్ని టైర్ల వంటి అరిగే సామాన్ల జాబితాలోనే లెక్కగడతారు. 2009లో వచ్చిన జీటీ3కి ముందు భాగాన్ని మీట నొక్కి 30 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటును కూడా కంపెనీ అదనపు సదుపాయంగా అందించింది. ఫార్ములా వన్ పోటీల్లో ఇది మరింత స్పష్టం. 1994లో ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బెర్గర్, అయర్టన్ సెన్నా మరణించిన తరువాత, కార్లు నేలకు మరీ దగ్గరగా పోకుండా ప్రతి కారు అడుగున 10 మిల్లీమీటర్ల మందం గల పలక బిగించాలని, రేసు ముగిసేసరికి అది ఒక మిల్లీమీటరుకు మించి అరగకూడదని నిబంధన పెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో బెల్జియం రేసులో మొదటి స్థానంలో వచ్చిన మైఖేల్ షూమాకర్ పలక ఎక్కువగా అరిగిన కారణంగా అనర్హుడయ్యాడు. ఆ నిబంధనలో గమనించదగినది శిక్ష ఒక్కటే కాదు, ఒక మిల్లీమీటరు అరుగుదలను ముందే అనుమతించడం కూడా. ఎంత అరిగితే సహజమో, ఎంత అరిగితే దోషమో హద్దు గీసుకున్నచోట దుఃఖానికి తావు తగ్గి, బాధ్యత మిగులుతుంది.

ఈ దృష్టితో చూస్తే, ప్లాస్టిక్ అంచును తీసేసి దాని స్థానంలో ఖరీదైన కార్బన్ ఫైబర్ అంచును బిగించుకునే యజమాని ఒక తాత్త్విక పొరపాటు చేస్తున్నాడు. కార్బన్ ఫైబర్ తేలికైనది, గట్టిది, కంటికి ఇంపైనది. కాని దెబ్బకు ప్లాస్టిక్‌లా వంగి తిరిగి నిలబడదు, పగుళ్లిస్తుంది. పోవడానికి సిద్ధపరచిన అంగాన్ని పోకూడని ఆభరణంగా మార్చుకున్నాక, ప్రతి దిబ్బా ఒక గండమే అవుతుంది. ప్రతినిధి సులువుగా దొరికే ద్రవ్యాన్ని వదిలి దొరకనిదాన్ని ఎంచుకున్నందుకు దిబ్బలను నిందించి లాభం లేదు.

అంచు మార్చిన ప్రతిసారీ కారు వేరవుతుందా అన్న శంక ఇక్కడ రావచ్చు. అవయవాలన్నీ కలిస్తే అవయవి అనే కొత్త పదార్థం పుడుతుందని న్యాయదర్శనం అనుసరించే నైయాయికులు అంటారు. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు రథాన్నే ఉదాహరణగా తీసుకొని, ఇరుసూ చక్రాలూ కాడీ విడివిడిగా రథం కావనీ, వాటికి వేరుగా కూడా రథం లేదనీ, అది కేవలం వ్యవహారమనీ గ్రీకు రాజు మినాండరుకు బోధిస్తాడు. ఈ వాదం ఎటు తేలినా ప్రస్తుత విచారణకు చిక్కు లేదు. నైయాయికుడు సరైతే పాత అవయవి పోయి కొత్తది వస్తుంది, నాగసేనుడు సరైతే పోవడానికి అసలు అవయవే లేదు. గీత పడిన అంచు కోసం కుమిలిపోవడానికి రెండు పక్షాల్లోనూ ఆధారం దొరకదు.

నాలుగో మెట్టు క్రత్వర్థ, పురుషార్థ భేదం. అబద్ధమాడరాదన్న నిషేధం దర్శపూర్ణమాసమనే యాగం ప్రకరణంలో వచ్చినప్పుడు అది ఆ క్రతువుకు సంబంధించినదని, అంటే క్రత్వర్థమని, మీమాంసకులు నిర్ణయించారు. అక్కడ దాన్ని ఉల్లంఘిస్తే కలిగే లోపం క్రతువుది. సర్వకాలాల్లోనూ మనిషి కోసం ఉన్న నిషేధం పురుషార్థం; అక్కడ దోషం మనిషిది. కిందికి ఉన్న అంచు యజమానికి నేర్పే జాగ్రత్త మొదట క్రత్వర్థమే. అతడు వేగం తగ్గిస్తాడు, రోడ్డు చూస్తాడు, వాలును అంచనా వేస్తాడు, అయితే ఇదంతా వస్తువు కోసం. ఆ చూపే కాలక్రమంలో రోడ్డు దాటే పిల్లవాడినీ, పక్కన తోపుడు బండి నెట్టుకుపోయే మనిషినీ గమనించే చూపుగా మారితే, ఆ జాగ్రత్త పురుషార్థంగా ఎదిగిందని చెప్పవచ్చు. అలాకాక, దిబ్బ ముందు కారును అడ్డంగా తిప్పి వెనుక వచ్చే స్కూటర్లను నిలిపివేసి, హారన్ కొట్టినవారి మీద కేకలు వేసే స్థితికి చేరితే, క్రతువు కోసం పెట్టుకున్న నియమం మనిషినే పాడుచేసిందన్నమాట. త్యాగవాది భయపడినది ఈ రెండో పరిణామానికే. మొదటి పరిణామమూ సాధ్యమే కనుక, విడిచిపెట్టడం ఒక్కటే మార్గమన్న అతని తీర్పు అతివ్యాప్తమవుతుంది.

ఇక మిగిలిన అవయవం సంగతి, అంటే పొత్తు; ఇక్కడ అది నిర్ణయానికీ ఆచరణకూ కుదరవలసిన పొత్తు. అంచు ఉన్న కారును కొనేవారు అది అరిగే వస్తువని బేరం నాడే ఒప్పుకొని, దాని బదులు ఖర్చును పెట్రోలు ఖర్చు పక్కనే రాసుకోవాలి. దాటగలిగిన దిబ్బను నిదానంగా, వెనుకవారికి దారి ఇచ్చి దాటాలి. దాటలేనిచోట కారును వీధిలో నిలిపి నడిచి వెళ్లాలి గాని వెళ్లడం మానకూడదు. తగిలినప్పుడు దిగి చూసి, ఊడిపోయి వేలాడుతుంటే వెంటనే బిగించాలి. ఎందుకంటే వేగంలో ఊడిన ముక్క వెనుక వచ్చేవారికి ప్రమాదం. అదే దీనికి ప్రాయశ్చిత్తం, అంతకుమించిన దుఃఖం విధించబడలేదు.

ప్రతినిధిని అనుమతించిన అధ్యాయంలోనే జైమిని ఒక హద్దు కూడా పెట్టాడు. ద్రవ్యానికి బదులు తేవచ్చు గాని దేవతకూ, మంత్రానికీ, యజ్ఞం చేసే యజమానికీ బదులు లేదు. అంచు పోతే మరొక అంచు దొరుకుతుంది. దానికోసం పోగొట్టుకున్న నిగ్రహానికీ, తెంచుకున్న రాకపోకలకూ, రోడ్డు మీద ఎదుటివారికి తగిలిన గాయానికీ ప్రతినిధి లేదు. బదులున్న దాన్ని కాపాడబోయి బదులులేని దాన్ని పోగొట్టుకోకూడదన్నదే ఈ అధికరణానికి నిర్ణయం.